కడియం మొక్కలూ... మూటెడు ఫిర్యాదులూ!

తెల్లవారుజాము ఐదుంపావు. వీధి దీపాలింకా ఆరలేదు. మీ ప్రహరీ గోడ పక్కన ఓ మంకీ క్యాప్ కదులుతుంటుంది. ఓ చేతిలో ప్లాస్టిక్ కవరు, ఇంకో చేతిలో కొసన కొక్కెం కట్టిన పొడుగు కర్ర. మందారాలు, నందివర్ధనాలు, గన్నేరు పూలు... టపటపా కవర్లోకి! మీరు తలుపు తీసుకుని బయటికొస్తే ఆ పెద్దమనిషి ఏమాత్రం తడబడరు. 'దేవుడికేనమ్మా' అనేసి, ఇంకో రెండు మొగ్గలు కూడా తుంపుకుని ముందుకు సాగిపోతారు. దేవుణ్ని అడ్డం పెట్టాక ఎవరైనా ఏమనగలరు చెప్పండి?

మొక్కలు పెంచేవాళ్లు నలుగుర్ని ఒకచోట కూర్చోబెడితే ముందు బయటికొచ్చేది ఈ పూలదొంగ కథే. తర్వాత కరివేపాకు. ఆ తర్వాత కోతులు, పావురాలు, పిండినల్లి, కింది ఫ్లాటువాళ్లు, 'ఒక్క కొమ్మ ఇవ్వవా' అనే చుట్టాలు. ఈ చిట్టా అంతా నాకు ఒక్క ప్రయాణంలో దొరికింది. మా పిన్నికీ, ఆమె మిద్దెతోట స్నేహితులకూ సంక్రాంతి వెళ్లాక కడియం వెళ్లడం ఏటా ఓ తీర్థయాత్ర. ఈసారి నన్నూ తీసుకెళ్లారు. ఎందుకంటే... తిరుగు ప్రయాణంలో మొక్కలు మొయ్యడానికి!

మా బృందాన్ని పరిచయం చేస్తాను. వీళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరికీ సొంత పేర్లు ఉండవు, అన్నీ ఏరియా పేర్లే. నాచారం ఆంటీ - ఇంటిముందు పాతిక రకాల మందారాలు. అల్వాల్ అంకుల్ - బ్యాంకులో రిటైరయ్యారు, డాబా మీద కూరగాయలు. మల్కాజిగిరి టీచర్ అంటే మా పిన్ని. నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద 150 కుండీలు. ఇప్పుడు ఆ కుండీలకే ముప్పొచ్చింది. పై అంతస్తు ఫ్లాటులో హాలు సీలింగుకి చెమ్మ పట్టింది. ఉగాదిలోపు టెర్రస్ ఖాళీ చెయ్యాలని అసోసియేషన్ వాళ్లు కాగితం ఇచ్చారు. ఖాళీ చెయ్యాల్సిన మనిషి కొత్త మొక్కలు కొనడానికి వెళ్లడమేంటని బాబాయ్ అడిగితే, 'కొనడానికి కాదు, కనుక్కోడానికి' అంది పిన్ని. ఏం కనుక్కోడానికో అప్పటికి మాకెవరికీ తెలీదు.

రాత్రి సికింద్రాబాద్‌లో రైలెక్కితే తెల్లారేసరికి కొవ్వూరు దాటి గోదావరి మీదికొచ్చేస్తాం. మంచులో నది కనిపించీ కనిపించకుండా ఉంది. కిటికీ దగ్గర అందరూ దణ్ణం పెట్టుకుంటుంటే, నాచారం ఆంటీ మాత్రం రాత్రి ఆపిన చోటి నుంచే మళ్లీ అందుకున్నారు. "పూలు దెంపుకపోతే పోనీ... మొగ్గలు గూడ గుంజుకపోతే ఎట్ల చెప్పు? రేపు పూసేటియి గూడ ఇయ్యాల్నే గావాల్నా ఆ దేవునికి?"

దీని మీద రైల్లోనే ఓ గంట చర్చ నడిచింది. గోడ మీద 'పూలు కోయరాదు' అని రాస్తే పని చెయ్యదట. 'సీసీ కెమెరా ఉంది' అని రాస్తే కెమెరా వైపు చూసి నవ్వుతారట. 'మందు కొట్టాం, పూజకు పనికిరావు' అని రాస్తే మాత్రం ఓ వారం ఆగారట. ఎనిమిదో రోజున ఎవరో బెల్లు కొట్టి, 'మందు ఎప్పుడు కొట్టారండీ, దాని పవర్ ఎన్నాళ్లుంటుంది' అని అడిగి మరీ కోసుకెళ్లారట.

కరివేపాకుది ఇంకో బాధ. అడిగి కోసుకునేవాళ్లే ఎక్కువ ప్రమాదం అంటారు అల్వాల్ అంకుల్. రెబ్బ తుంపరు. కొమ్మ చివర చిగురు పట్టుకుని ఒక్క లాగు లాగుతారు. బెరడుతో సహా ఊడొస్తుంది. ఇక మనీప్లాంట్ సంగతి తెలిసిందే. కొంటే పెరగదు, దొంగిలిస్తేనే పెరుగుతుందని ఎవరు పుట్టించారోగానీ, దొంగతనానికి ఇంత గౌరవం తెచ్చిపెట్టిన మొక్క మరోటి లేదు.

హైవే పక్కన పచ్చటి గోడలు

రాజమండ్రి నుంచి కడియపులంకకు ఆటోలో పది పన్నెండు కిలోమీటర్లు. వేమగిరి దాటాక 16వ నంబరు జాతీయ రహదారికి అటూ ఇటూ మొక్కలే. ఊళ్ల మధ్య ఖాళీ అనేదే కనపడదు. కడియపులంక, బుర్రిలంక, జేగురుపాడు, పొట్టిలంక... నర్సరీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చెప్పలేం. వేల ఎకరాల్లో ఈ ఒక్క పంటే. ఏనుగుల్లా, నెమళ్లలా కత్తిరించిన పొదలు రోడ్డు వైపు చూస్తుంటాయి. సెల్ఫీలకు ఆగేవాళ్లంతా అక్కడే ఆగిపోతారు. అసలు కడియం వాటి వెనకుంటుంది.

ఈ నేలకి నీరు గోదావరిది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852 నాటికి పూర్తయ్యాక, కాలవలు ఈ ఊళ్ల మీదుగా పారాయి. ఒండ్రు మట్టి, ఏటా నిండుగా పారే కాలవ, పక్కనే కోల్‌కతా-చెన్నై రోడ్డు. మొక్కలు పెంచడానికి ఈ మూడూ ఒక్కచోట దొరకడం మామూలు విషయం కాదు. మొదట్లో పూలతోటలే. కడియపులంక పూలమార్కెట్ ఇప్పటికీ పొద్దున్నే బంతీ చేమంతులతో కిటకిటలాడుతుంది. పూల నుంచి మొక్కల వైపు ఈ ఊళ్లని నడిపించినవాళ్లలో అందరూ ముందు చెప్పుకునే పేరు పల్ల వెంకన్న. ఆయన ఇప్పుడు లేరు. ఆయన పెట్టిన సత్యనారాయణ నర్సరీని చూడ్డానికి ఇంకా బస్సులు వేసుకుని జనం వస్తూనే ఉన్నారు.

మేం వెళ్లింది పెద్ద నర్సరీకి కాదు. మెయిన్ రోడ్డు వదిలి కాలవగట్టు మీద కొంత దూరం లోపలికెళ్తే వచ్చే రెండెకరాల తోట. పిన్ని ఏటా అక్కడే కొంటుంది. యజమానికి యాభై అయిదేళ్లుంటాయి. లుంగీ, భుజాన తువ్వాలు, చేతిలో కత్తెర. మమ్మల్ని చూడగానే "ఆయ్, రండి రండి టీచరుగారూ! పోయినేడు తీసుకెళ్లినవి ఎలా ఉన్నాయండీ?" అన్నారు.

ఆ ప్రశ్న అడక్కుండా ఉండాల్సింది!

"ఏడుండయన్నా? పది గులాబీలు గొంటే ఆరు సచ్చిపోయినయ్" అన్నారు నాచారం ఆంటీ. "పసుపు పూలని చెప్పి ఇస్తే ఎర్రవి పూశాయి" అన్నారు అంకుల్. "కవరు విప్పితే లోపలంతా బంకమట్టి. నీళ్లు పోస్తే పైనే నిలబడిపోతాయి, కిందికి దిగవు" అంది పిన్ని. ఇంకా ఉన్నాయి. మొక్కతోపాటు పిండినల్లి ఉచితం. కొన్న రోజున ఉన్న పూలే, ఆ తర్వాత ఆర్నెల్లు పువ్వన్నదే లేదు. మిద్దెతోటల వాళ్లు ఏ ఊళ్లో కలిసినా నర్సరీల మీద చెప్పుకునే ఫిర్యాదులే ఇవన్నీ. ఈసారి మాత్రం నేరుగా నర్సరీ మనిషి ముందే చెప్పుకున్నారు.

ఆయన అంతా విన్నారు. కోపం తెచ్చుకోలేదు. కుర్చీలు వేయించి, టీలు తెప్పించి, అప్పుడు మొదలుపెట్టారు. "మొక్క మాదేనండి. ఒప్పుకుంటాను. మరి చంపింది కూడా మేమేనంటారా?"

మట్టి ముద్ద వెనక కథ

ఆ బంకమట్టి ఎందుకో ఆయన చెబుతుంటే మా ఆంటీ కూడా టీ గ్లాసు పక్కన పెట్టేశారు. ఇక్కడి మొక్క లారీ ఎక్కి రెండు మూడు రోజులు ప్రయాణం చేస్తుంది. కింద ఒక వరస, మీద ఒక వరస. కుదుపులకు వేళ్ల చుట్టూ ఉన్న మట్టి విరిగితే సన్న వేళ్లన్నీ తెగిపోతాయి. మొక్కకి నీళ్లు తాగేవి ఆ సన్న వేళ్లే. అందుకని విడిపోకుండా పట్టుకునే మట్టి కావాలి. గోదావరి మట్టికి ఆ పట్టు ఉంది. దారిలో నీళ్లు పోసేవాడు ఉండడు కాబట్టి తేమని ఆపుకోవడం కూడా దాని పనే.

"తీరా మీ ఇంటికొచ్చాక ఏం చేస్తారండీ? సాయంత్రం బస్సు దిగుతారు. ఆ రాత్రే కవరు చింపేస్తారు. యూట్యూబులో చెప్పాడని మట్టంతా దులిపేసి, వేళ్లు కడిగేసి, కొత్త కుండీలో పెట్టి, తెల్లారి ఎండలో నిలబెడతారు. మనిషిక్కూడా ఆపరేషన్ చేసిన మర్నాడు పరుగు పందెం పెట్టరు కదండీ!"

ఆయన చెప్పింది ఇదీ. తెచ్చిన మొక్కని కవరుతోనే వారం పది రోజులు నీడపట్టున ఉంచాలి. కొత్త చోటి ఎండకీ గాలికీ అలవాటు పడ్డాక సాయంత్రం పూట కుండీలోకి మార్చాలి. మట్టి ముద్ద మొత్తం విడగొట్టక్కర్లేదు. మరీ గట్టిగా ఉంటే ముందు నీళ్ల బకెట్లో కాసేపు నాననిచ్చి, అంచుల్లో కొంచెం వదులు చేస్తే చాలు. ఎండిపోయిన బంకమట్టి ముద్ద మీద పైనుంచి ఎన్ని నీళ్లు పోసినా పక్కల నుంచి జారిపోతాయి, లోపల వేరు ఎండిపోతూనే ఉంటుంది. పైన తడిగా ఉంది కదా అని మనం ధీమాగా ఉంటాం!

గులాబీల కేసు వేరే. ఆంటీ ఫోన్లో ఫొటో చూపించారు. ఆరు చచ్చిపోయాయన్నారు కదా, బతికిన నాలుగింట్లో ఒకటి మాత్రం ఆరడుగులు పెరిగింది. పువ్వే లేదు. ఆయన ఫొటోని పెద్దది చేసి, కాండం మొదట్లో వేలు పెట్టి చూపించారు. నర్సరీ గులాబీలో రెండు మొక్కలుంటాయి. కింద వేరు మొండి జాతిది. దాని మీద మంచి పూలరకం కన్ను అంటుకట్టి ఉంటుంది. అతికిన చోట బుడిపెలా కనిపిస్తుంది. ఆ బుడిపె కింద నుంచి వచ్చే చిగురు అడవి గులాబీది. జోరుగా పెరుగుతుంది, పైనున్న మంచిరకానికి తిండి దక్కనివ్వదు. దాన్ని ఎప్పటికప్పుడు మొదలంటా తీసెయ్యాలి. ఆంటీ మాత్రం ఏడాదిగా దానికే ఎరువులేసి మేపుతున్నారు. "గంత ముద్దుగ వెరిగిందని దిష్టి గూడ దీసిన" అన్నారు నెమ్మదిగా.

రంగు మారిన పూల గురించి అడిగితే మాత్రం ఆయన బుర్ర గోక్కున్నారు. కొమ్మలు కత్తిరించి వేలకొద్దీ కవర్లలో నాటేటప్పుడు కట్టలు కలిసిపోతాయట. పూత మీద లేని మొక్క రంగు చెప్పమంటే ఎవరూ చెప్పలేరట. "పువ్వు చూసి కొనుక్కోండి. మాటలు నమ్మొద్దు. నా మాట కూడా" అన్నారు. నా దృష్టిలో ఇది కొంచెం తేలిగ్గా తప్పించుకోవడమే. కట్టకో చీటీ కట్టడం అంత కష్టమేం కాదు.

వాళ్ల బాధలు వినేదెవరు?

తోటలో ఓ పక్క షేడ్‌నెట్ కింద ఏడెనిమిది మంది ఆడవాళ్లు పని చేస్తున్నారు. చీరల మీద ఫుల్ హ్యాండ్స్ చొక్కాలు, తలకు తువ్వాళ్లు. కొందరు కవర్లలో మట్టి నింపుతుంటే ఇద్దరు అంట్లు కడుతున్నారు. కొమ్మ మీద అంగుళం మేర బెరడు గుండ్రంగా తీసేసి, తడి పొట్టు పెట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టి రెండు పక్కలా బిగిస్తారు. నెలా రెండు నెలల్లో అక్కడ వేళ్లొస్తాయి. అప్పుడు కింద కోసేస్తే కొత్త మొక్క. ఓ అక్క ఒక్కో అంటూ పూర్తి చెయ్యడం నేను లెక్కపెట్టాను. నిమిషం కూడా పట్టలేదు. మాట్లాడుతూనే, చేతుల వైపు చూడకుండానే!

"మీకు దేని మీద కోపం వస్తుందక్కా?" అని అడిగాను.

"ఈడియోలండి" అంది టక్కున. సంక్రాంతి ముందూ వెనకా జనం కార్లలో దిగుతారట. పూల మడుల మధ్యలోకి వెళ్లి డాన్సులు. పెళ్లి ఫొటోల వాళ్లయితే చీర కుచ్చిళ్లతో నారు మీద ఈడ్చుకుంటూ నడుస్తారట. "మొన్నటికి మొన్న ఓ అమ్మాయి బంతి నారు మీద కూకుండిపోయిందండి. లెగమంటే, 'ఒక్క షాట్ ఆంటీ' అంటది. నారు పోసి పన్నెండు రోజులైంది. మళ్లీ ఎవరు పోత్తారు?"

పక్కనున్నావిడ అందుకుంది. చూడ్డానికొచ్చిన వాళ్ల చేతులు ఊరుకోవట. నడుస్తూ నడుస్తూ కొమ్మ చివర్లు తుంపి హ్యాండుబ్యాగులో వేసుకుంటారు. ఇంటికెళ్లి నాటుకుంటే వచ్చేస్తుందని. పోనీ మొక్క కొన్నారా అంటే లేదు. "యాభై రూపాయల మొక్కకి ఇరవైకి బేరం. ఆపైన 'చచ్చిపోతే మార్చిస్తావా, గ్యారంటీ ఏంటి' అంటారండి. మనకే లేదు గ్యారంటీ..."

అప్పుడు నాచారం ఆంటీ ముఖం చూడాల్సింది. ఇంటిదగ్గర మంకీ క్యాపు పెద్దమనిషిని తిట్టిపోసిన ఆవిడే, గేటు దగ్గర తుంపుకున్న రేక మందారం కొమ్మని మెల్లగా బ్యాగులోంచి తీసి బల్ల మీద పెట్టేశారు. యజమాని చూసీ చూడనట్టు ఊరుకున్నారు. పోతూ పోతూ ఆ రకం మొక్కే ఒకటి కవర్లో పెట్టించి, డబ్బులు మాత్రం ఖచ్చితంగా తీసుకున్నారు!

ఫోన్ పట్టుకొచ్చేవాళ్లతో ఇంకో తంటా. నీలి గులాబీ కావాలంటారు. ఏడు రంగుల గులాబీ విత్తనాలు ఆన్‌లైన్లో కొన్నాం, మొలవలేదంటారు. అసలు ఆకాశంలాంటి నీలం గులాబీ ఏ తోటలోనూ లేదు. ఫొటోలో రంగు మార్చినవో, తెల్ల పువ్వు కాడని రంగు నీళ్లలో పెట్టినవో అవన్నీ. తోటల్లో పెంచే మంచి గులాబీ రకాన్ని విత్తనం వేసి అలాగే రప్పించడం కూడా కుదరదు. కొమ్మతోనో అంటుతోనో రావాలి. కాబట్టి ఆ ప్యాకెట్లు కనిపిస్తే స్క్రోల్ చేసేయండి.

ఆయనకి మాత్రం అన్నిటికంటే పెద్ద మంట కోనోకార్పస్ మీద. డివైడర్ల మీద, వెంచర్ల గోడల పక్కన బాణాల్లా నిలబడి ఉంటాయే, అవి. కొన్నేళ్ల కిందట ఎంతమంది అడిగితే అంతమందికీ పెంచి పంపారు. తర్వాత వేళ్లు పైపుల్లోకి పోతున్నాయని, పుప్పొడి పడట్లేదని గోల మొదలైంది. గుజరాత్ 2023లో దాన్ని నాటొద్దని ఆదేశాలిచ్చింది. 2025లో తమిళనాడు కూడా అదే దారి పట్టింది. "పెంచమన్నదీ జనమే, పీకమన్నదీ జనమేనండి. మధ్యలో మా మడుల్లో ఉన్నవి ఎవరు కొంటారు?" అన్నారు. తోట వెనక కంచె పొడవునా అవే ఉన్నాయి, ఎవరూ కొనక మనిషి ఎత్తు దాటిపోయి.

ఆకుల మీద నల్లమసి

కాలవగట్టు కొబ్బరిచెట్లు చూస్తే కింది మట్టలు మసి పూసినట్టున్నాయి. అల్వాల్ అంకుల్‌ది మామూలుగా ప్రశ్నలడిగే నోరు కాదు, జవాబులు చెప్పే నోరు. "నీమాయిల్ కొట్టండి" అన్నారు వెంటనే. వాళ్ల గ్రూపులో ఏ ఆకు ఫొటో పెట్టినా మొదటి సమాధానం అదే కదా! అరటి తొక్కల నీళ్లు, గుడ్డు పెంకుల పొడి, టీ పిప్పి ఆ తర్వాత వస్తాయి. రోగమేంటో అడిగేవాళ్లుండరు. మందు మాత్రం అందరి దగ్గరా ఉంటుంది. పిన్నికి అన్నిటికంటే చిరాకు తెప్పించేది ఇదేనట.

యాభై అడుగుల కొబ్బరిచెట్టుకి వేపనూనె ఎవరు కొడతారు? ఆ మసి వెనకున్నది తెల్లదోమ. మధ్య అమెరికా నుంచి వచ్చిన పురుగు. మన దేశంలో 2016లో పొల్లాచ్చి కొబ్బరితోటల్లో మొదట పట్టుబడింది. తర్వాత ఇక్కడి దాకా పాకింది. ఆకు అడుగున గుండ్రంగా, చుట్టలు చుట్టలుగా తెల్లటి గుడ్లు పెడుతుంది. రసం పీలుస్తూ జిగట వదులుతుంది. కింద పడ్డ ఆ జిగట మీద నల్లటి బూజు పెరుగుతుంది. అదే మసి. మందులు కొట్టేకొద్దీ దాన్ని తినే మిత్రపురుగులే ముందు చస్తాయి. కోనసీమలో అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం వాళ్లు ఎన్కార్సియా అనే చిన్న కందిరీగనీ, ఐసేరియా అనే శిలీంద్రాన్నీ దీని మీదికి వదిలే పద్ధతి మీద పనిచేస్తున్నారు.

మొక్కలు ఊళ్లు దాటితే పురుగులూ దాటుతాయని ఆయన దాచకుండా ఒప్పుకున్నారు. పిండినల్లి కూడా అంతే. బొప్పాయికి పట్టే రకం 2008లో కోయంబత్తూరు దగ్గర కనపడి, రెండేళ్లలో తోటలకి తోటలే నాశనం చేసింది. 2010లో ప్యూర్టోరికో నుంచి ఓ బుల్లి పరాన్నజీవి కందిరీగను తెప్పించి వదిలాకే అదుపులోకొచ్చింది. మన కుండీల్లో మందారానికి తెల్లగా దూదిలా పట్టేదానికి అంత దూరం వెళ్లక్కర్లేదు. ముందు చీమల్ని చూడాలి. పిండినల్లి వదిలే తీపి జిగట కోసం చీమలు దాన్ని పశువుల్లా కాపు కాస్తాయి, కొత్త చిగురు మీదికి మోసుకెళ్తాయి, తినడానికొచ్చే అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. చీమల దారి ఆపకుండా పైన ఎంత నూనె కొట్టినా వారానికి మళ్లీ మొదటికే. చీమల్ని ఆపి, పట్టిన కొమ్మల్ని నీళ్ల ధారతో కడిగి, అప్పుడు సాయంత్రం పూట లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి కొట్టాలి. సబ్బు లేకపోతే నూనె పైనే తేలుతుంది.

అంకుల్ ఇదంతా ఫోన్లో టైప్ చేసుకున్నారు. ఆయన అసలు బాధ పురుగులు కాదు, కోతులు. టమాటాలు పండే రోజు మనకంటే వాటికే బాగా తెలుసట. "తింటే బాధ లేదయ్యా. ఒక కొరుకు కొరికి విసిరేస్తాయి. వంకాయ మొక్కని తినవు, ఊరికే పీకి, వేళ్లెలా ఉన్నాయో చూసి, పక్కన పెడతాయి." తెలంగాణ పల్లెల్లో కోతుల భయానికి కూరగాయలు మానేసిన రైతులు ఎంతోమంది. ప్రభుత్వం 2020 డిసెంబరులో నిర్మల్ దగ్గర చించోలిలో కోతులకంటూ ఓ సంరక్షణ, పునరావాస కేంద్రమే తెరవాల్సి వచ్చింది. అంకుల్ ఈసారి కూరగాయల వైపు చూడలేదు. అల్లం, మామిడల్లం, వాము, నిమ్మగడ్డి... ఘాటు వాసనలున్నవే ఏరుకున్నారు. కోతులు ముట్టవా అంటే, "ముట్టవంటున్నారు. కోతులతో ఎవరూ మాట్లాడలేదు కదా" అన్నారు.

టీచరుగారు కనుక్కున్నది

మధ్యాహ్నం దాకా పిన్ని ఏమీ కొనలేదు. అందరూ బేరాల్లో ఉండగా యజమాని దగ్గరికెళ్లి టెర్రస్ విషయం చెప్పింది. మిద్దెతోట అనే మాట రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు నారపల్లిలో తమ ఇంటి మీద పెంచి చూపించాక ఇంటింటికీ తెలిసింది. అయితే సొంత ఇంటి డాబా వేరు. నలుగురిదీ అయిన అపార్ట్‌మెంట్ పైకప్పు వేరు. అక్కడ మొక్కకీ మనిషికీ మధ్య ఓ అసోసియేషన్ ఉంటుంది.

"వాళ్ల సీలింగు నిజంగా తడుస్తోందండీ. వాళ్లది దొంగ కోపమేం కాదు. అలాగని తొమ్మిదేళ్ల మొక్కల్ని రోడ్డు మీద పెట్టలేను" అంది.

ఆయన లెక్క మొదలుపెట్టారు. పన్నెండంగుళాల కుండీ తడి మట్టితో ఇరవై కిలోలు దాటుతుంది. 150 కుండీలంటే మూడు టన్నులు. అన్నీ నేరుగా శ్లాబు మీదే కూర్చుంటే కింద తడి ఎప్పటికీ ఆరదు. ఎక్కడైనా సన్నటి పగులుంటే నీళ్లు అటే దారి చూసుకుంటాయి. "కుండీలు తగ్గించమంటే ఏడుపొస్తుందండి. ముందు మట్టి తగ్గించండి" అన్నారు. బంకమట్టి తీసేసి మూడో వంతు దాకా కొబ్బరిపొట్టు, కొంత బాగా చివికిన ఎరువు కలుపుకోవాలి. అయిదు కిలోల పొట్టు దిమ్మ నీళ్లలో నానితే అరవై లీటర్ల దాకా ఉబ్బుతుంది. ఉప్పు పోయేలా ఒకటి రెండుసార్లు కడగాలి. కుండీలు స్టాండ్ల మీద, గాలాడేలా ఉండాలి. కింద గోడలూ దూలాలూ ఉన్న వరసలోనే పెట్టాలి. మర్రి, రావి, రబ్బరు మొక్కలు మేడ మీద అసలొద్దు, వాటి వేళ్లు సిమెంటుని వదలవు. "అన్నిటికంటే ముందు ఓసారి టెర్రస్ మొత్తం ఖాళీ చేసి పగుళ్లు పూడ్పించి, వాటర్‌ప్రూఫింగ్ చేయించండి. ఆ నెలా మొక్కలు ఎక్కడుంటాయంటారా..." అని ఆగి, తలగోక్కుని, "కింది ఫ్లాటు వాళ్ల బాల్కనీలో పెట్టించండి. ఓ నెల నీళ్లు పోస్తే వాళ్లకీ తెలుస్తుంది" అన్నారు నవ్వుతూ.

పిన్ని నవ్వలేదు. ఆ మాట కూడా చిన్న పుస్తకంలో రాసుకుంది. ఆపై పొట్టు దిమ్మలు నాలుగు, మొక్క మాత్రం ఒక్కటే కొంది. మరుగుమల్లె. సీలింగు తడిసిన ఆ ఫ్లాటావిడకి మల్లెలంటే ఇష్టమని లిఫ్టులో ఎప్పుడో అన్నదట.

కడియం వెళ్లాలనుకుంటే చలికాలమే మేలు. ఎండాకాలం కొన్న మొక్కకి ప్రయాణమే పరీక్ష. పూలమార్కెట్ చూడాలంటే పొద్దున్నే చేరాలి. మడుల మధ్య నడిచేటప్పుడు గట్ల మీదే నడవండి, నారు పోసినవాళ్లు పక్కనే ఉంటారు. తిరిగొచ్చేటప్పుడు రాజమండ్రిలో రోజ్‌మిల్క్ తాగకుండా రాకండి, అది మొక్కలతో సంబంధం లేని సలహా.

సాయంత్రం రైల్లో మా సీట్ల కింద, పైన, మధ్యలో అంతా మొక్కలే. అల్లం కవరు పక్కన పెట్టుకుని అంకుల్ కునుకు తీస్తున్నారు. నిడదవోలు దాటాక పక్క బోగీ నుంచి ఓ పెద్దావిడ వచ్చి, నాచారం ఆంటీ మందారాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎంత బావుందమ్మా! ఒక్క కొమ్మ తుంపుకోనా?"

ఆంటీ ఆవిడ వైపు చూశారు. తర్వాత మా వైపు చూశారు. "కొమ్మ నాటితే రాదమ్మా, గాడికి వొయ్యి కొనుక్కోవాలె. అడ్రస్ రాసిస్త, ఫోన్ దియ్యి" అన్నారు.